పశువుకు వాత పెడితే మనదైపోతుందా? అపోహలు - వాస్తవాలు

ఒకరోజు పొద్దున్నే పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. "డాక్టరు గారూ, ఒక గేదె పంచాయితీ తెగట్లేదు, ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నారు ఎస్సై. వెళ్ళేసరికి స్టేషన్ వెనక వేపచెట్టుకు ఒక గ్రేడెడ్ ముర్రా పడ్డ (ఇంకా ఈనని గేదె) కట్టేసి ఉంది. వయసు మూడేళ్ళుంటుంది. కుడి తొడ మీద ఇనుముతో కాల్చిన ముద్ర, ఇంగ్లీషు 'వి' అక్షరం. చెట్టుకు అటొకరు ఇటొకరు ఇద్దరు రైతులు. పక్కపక్క ఊళ్ళవాళ్ళు, దూరపు చుట్టాలు కూడా.

"ఇది మా ఇంటి ముద్ర సారూ, మా నాయన కాలం నుంచీ వేస్తున్నాం" అన్నాడు ఒకాయన. "మాదీ అదే ముద్ర కదా బావా, నీకు తెలియదా?" అన్నాడు రెండో ఆయన. ఇద్దరూ ముద్ర ఇనుములు తెచ్చారు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా లేదు. రెండూ ఒకే కమ్మరి చేసినవి.

ఎవరూ అబద్ధం చెప్పడం లేదని నాకు అర్థమైంది. ఇద్దరి పడ్డలూ పోయాయి, ఇద్దరికీ అదే ముద్ర ఉంది, దొరికింది మాత్రం ఒక్కటే. ఇరవై ఏళ్ళుగా పశువైద్యం చేస్తున్నాను. పశువు ఎవరిదో రుజువు చేయడం గురించి రైతుల్లో ఎన్ని పొరపాటు నమ్మకాలున్నాయో అలాంటి రోజుల్లోనే బాగా తెలుస్తుంది. ఆ నమ్మకాల వల్ల నష్టపోయేది పశువునే నమ్ముకుని బతికే కుటుంబాలు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ముద్ర ఉంటే చాలు, పశువు మనదని చట్టం ఒప్పుకుంటుంది.

అమెరికాలో పశువులకు ముద్రలు వేస్తారు, అక్కడ చెల్లుతుంది కదా అని కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. నిజమే, చెల్లుతుంది. అయితే టెక్సాస్‌లో పశువుల పెంపకందారు తన ముద్ర ఆకారాన్ని, పశువు ఒంటి మీద ఎక్కడ వేస్తాడో ఆ చోటును కౌంటీ క్లర్కు ఆఫీసులో నమోదు చేయించాలి. పదేళ్ళకోసారి మళ్ళీ నమోదు చేసుకోవాలి. అలా నమోదైన ముద్రనే కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. అంటే అక్కడ బలం కాలిన చర్మంలో లేదు, ఆఫీసులో ఉన్న పుస్తకంలో ఉంది.

ఈ సంగతి మనవాళ్ళకు కొత్తదేమీ కాదు. దుర్యోధనుడు ఘోషయాత్రకు బయలుదేరింది ఏ సాకుతో? మందలను లెక్కపెట్టి దూడలకు గుర్తులు వేయించాలనే కదా. లెక్కా గుర్తూ ఒకే పనిగా జరిగేవి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గోవుల అధ్యక్షుడు, పశువుకు వేసిన ముద్రనే కాదు, పుట్టుమచ్చలను, రంగును, కొమ్ముల మధ్య దూరాన్ని కూడా రాసి పెట్టుకోవాలని ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఇవాళ రైతు తన ఇంటి ముద్రను నమోదు చేసుకునే పుస్తకం లేదు. కాబట్టి ఆ 'వి' అక్షరం చూసి "ఇది ఫలానా వాళ్ళది" అని ఏ అధికారీ చెప్పలేడు. మీ ముద్ర మీ ఊళ్ళో నలుగురికి తెలుసు, అంతే. పది ఊళ్ళు దాటి సంతకు చేరాక అది ఉత్త మచ్చ.

ఇంకో మాట. మన దగ్గర ముద్రకు ఒక్కోసారి పూర్తిగా తిరగబడిన అర్థం ఉంది. వృషోత్సర్గం అనే తంతులో కోడెకు త్రిశూలమో చక్రమో అచ్చువేసి వదిలేస్తారు. ఇక దానికి యజమాని లేడు, అది దేవుడిది అని ఆ అచ్చుకు అర్థం. 'అచ్చోసిన ఆంబోతు' అన్న మాట అందుకే పుట్టింది. ముద్ర చూడగానే ఎవరిదో సొంత పశువు అనుకోవడానికి కూడా లేదన్నమాట.

చట్టం మొదట చూసేది స్వాధీనం. వస్తువు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదేనని మొదట అనుకుంటారు, కాదన్నవాళ్ళే నిరూపించుకోవాలి. 1872 నాటి సాక్ష్య చట్టం 110వ సెక్షన్‌లోని ఈ సూత్రం కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది. మీ గేదె ఇంకొకరి కొట్టంలో కనిపిస్తే అది నాదని చూపించే బరువు మీ మీదే పడుతుంది. ఆ పూట మీ చేతిలో కాగితాలేమున్నాయన్నదే ప్రశ్న.

అపోహ: వాత పెట్టడం పూర్తిగా నిషేధం. దీనికి ఎదురు అపోహ: మన పశువు మన ఇష్టం, ఎక్కడైనా ఎలాగైనా కాల్చుకోవచ్చు.

రెండూ తప్పే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, ముక్కుతాడు వేయడంతో పాటు ముద్ర వేయడాన్ని కూడా మినహాయించింది. కానీ 'నిర్దేశించిన పద్ధతిలో' చేస్తేనే ఆ మినహాయింపు. నలుగురు కలిసి దూడను పడేసి, మోకాళ్ళతో అదిమిపట్టి, ఎర్రగా కాలిన కడ్డీతో మొహం మీదో పొదుగు పక్కనో గీయడం ఆ కిందకు రాదు.

ఆ పని దగ్గర నుంచి చూసినవాళ్ళకు నేను వివరించక్కర్లేదు. వెంట్రుక కాలిన వాసన ముందు వస్తుంది, తర్వాత చర్మం చిటపటమంటుంది. దూడ అరుపు చాలాసేపు ఆగదు. తర్వాత పది రోజులు ఆ పుండు మీద ఈగలు ముసురుతాయి. వానాకాలంలో పురుగులు పట్టి, పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి, కట్టు కట్టి పంపిన దూడలు నా దగ్గరకు చాలానే వచ్చాయి.

అయినా వేయాలనే పట్టుదల ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇది. పశువైద్యుడిని పిలిపించి, మత్తు సూది, నొప్పి తగ్గే సూది వేయించాకే మొదలుపెట్టండి. మొహం మీద, పొదుగు దగ్గర, ఎముక తగిలే చోట అసలు వద్దు. ఒళ్ళు తడిగా ఉన్నప్పుడు వేయొద్దు, ఆవిరి పట్టి చుట్టూ ఉన్న చర్మం కూడా ఉడికిపోతుంది. ఇనుము ఎర్రగా మండుతుంటే లోతుగా కాలుస్తుంది, నల్లగా ఉంటే ముద్ర పడదు. బూడిద రంగుకు తిరిగినప్పుడే తగిన వేడి. అక్షరం గురించి ఎవరూ ఆలోచించరు గానీ, మన తెలుగు అక్షరాలు గుండ్రటివి. చుట్టూ మూసుకున్న ఆకారం కాలిస్తే మధ్యలో మిగిలిన చర్మానికి రక్తం అందక అదీ చచ్చిపోతుంది. 'ర' అని వేస్తే ఆర్నెల్లకు బిళ్ళంత మచ్చ మిగులుతుంది. విడివిడి గీతలతో ఉన్న ఆకారాలే నిలుస్తాయి. అవి కూడా దూడ పెరిగేకొద్దీ సాగి వంకర తిరుగుతాయి.

తోలు సంగతీ ఉంది. నడుము, తొడ పైభాగం నుంచి వచ్చే తోలుకే మంచి ధర. అందరూ వాత పెట్టేది సరిగ్గా అక్కడే.

అపోహ: చల్లటి ముద్ర నొప్పి లేనిది, అన్ని పశువులకూ పనికొస్తుంది.

వీడియోలు చూసి చాలామంది దీన్ని అడుగుతున్నారు. 1960ల్లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కీత్ ఫారెల్ అనే పశువైద్యుడు అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచిన రాగి లేదా ఇత్తడి ముద్రను వెంట్రుకలు కత్తిరించిన చర్మం మీద కొన్ని సెకన్లు అదిమి ఉంచుతారు. వెంట్రుకకు రంగునిచ్చే కణాలు చనిపోయి, అక్కడ తెల్లటి వెంట్రుకలు మొలుస్తాయి. కాల్చడం కంటే బాధ తక్కువే, కానీ నొప్పి లేదనడం సరికాదు.

ఇప్పుడు మన ఒంగోలు గిత్తను ఒకసారి కళ్ళ ముందుకు తెచ్చుకోండి. ఒళ్ళంతా తెలుపు. తెల్లటి ఒంటి మీద తెల్లటి వెంట్రుకలతో వచ్చిన ముద్ర ఎవరికి కనిపిస్తుంది? తెల్ల పశువులకైతే వెంట్రుక కుదురే చచ్చిపోయేంత ఎక్కువసేపు అదిమి ఉంచాలి. అంటే బట్టతల లాంటి మచ్చ చేయాలి, అంతే బాధ కూడా. నల్లటి గేదెలకైతే ముద్ర బాగానే కనిపిస్తుంది. కానీ సెకన్ల లెక్క తప్పితే ముద్ర పడకపోవడమో, పుండు కావడమో జరుగుతుంది. ఎద సూదుల (కృత్రిమ గర్భధారణ) కోసం, ఊళ్ళో ఆ సూదులు వేసే గోపాలమిత్ర దగ్గర నత్రజని క్యాన్ ఉంటుంది కదా, అందులో ఇనుము ముంచి వేసేద్దామని మాత్రం అనుకోకండి. ఆ క్యాన్‌లో ఉన్నది ఊరందరి పశువుల వీర్యం.

అపోహ: చెవి ట్యాగు పశువుకు ఆధార్ కార్డు, అది ఉంటే యజమాని ఎవరో తేలిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీస్తున్న అపోహ ఇదే. పసుపు ట్యాగు మీద ఉండే 12 అంకెలు పశువుకు గుర్తింపు, నిజమే. దేశంలో ఆ నంబరు ఇంకో పశువుకు ఉండదు. 2019లో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ టీకాల జాతీయ కార్యక్రమం మొదలయ్యాక ట్యాగులు ఊరూరికీ చేరాయి. కానీ ఆ నంబరు చెప్పేది 'ఇది ఫలానా పశువు' అని మాత్రమే. 'ఫలానా వారిది' అని చెప్పేది కంప్యూటర్లో ఆ నంబరుకు ఎదురుగా ఉన్న పేరు, ఫోన్ నంబరు. ఇంతకుముందు ఇనాఫ్ అనేవాళ్ళం, ఇప్పుడు భారత్ పశుధన్ అంటున్నాం, ఆ రికార్డు అది.

మీరు సంతలో గేదెను కొని తోలుకొచ్చారు. పేరు మార్పించలేదు. రికార్డులో ఇంకా అమ్మినాయన పేరే ఉంది. రేపు గొడవ వస్తే ట్యాగు మీకు ఎదురు సాక్ష్యం చెబుతుంది! ఇలాంటి కేసులు ఏటా చూస్తున్నాను. కొన్న వారంలోగా మీ ఊరి పశువైద్యశాలకు వెళ్ళి, ట్యాగు నంబరు, సంత రశీదు, మీ ఆధార్, ఫోన్ నంబరు ఇచ్చి పేరు మార్పించుకోండి. ట్యాగు ఊడిపోతే కొత్తది వేయించి, పాత నంబరుతో కలిపి నమోదు చేయమని అడగండి. అలా చేయకపోతే టీకాలు, ఎద సూదులు, ఈతలు అన్నీ పాత నంబరు కిందే ఉండిపోతాయి. బీమా ఉన్నవాళ్ళు ట్యాగు ఊడిన సంగతి వెంటనే బీమా కంపెనీకి కూడా తెలియజేయాలి. చెవికి ట్యాగు లేకుండా పశువు చచ్చిపోతే క్లెయిము రాదు.

ట్యాగు వేస్తే పాలు తగ్గుతాయని, చూడి గేదె ఈసుకుపోతుందని (గర్భం పోతుందని), చెవి కుళ్ళిపోతుందని భయపడేవాళ్ళున్నారు. ఒక పూట బెదురుతో పాలు కాస్త తగ్గితే తగ్గవచ్చు. చెవి మధ్యలో, రెండు మృదులాస్థి గీతల నడుమ, రక్తనాళాలు తప్పించి వేస్తే చెవికి ఏమీ కాదు. అయోడిన్ రాసి, వారం పాటు ఈగలు వాలకుండా చూసుకోండి. నెలలు నిండిన చూడి పశువును మాత్రం కింద పడేసి వేయించకండి, నిలబెట్టే వేయాలి.

అపోహ: చిప్ వేయిస్తే పశువు ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది.

కనిపించదు. చర్మం కింద వేసే చిప్‌లో బ్యాటరీ ఉండదు. రీడర్‌ను దగ్గరగా పెడితే నంబరు చెబుతుంది, అంతే. ముట్టె ముద్ర మాత్రం నిజంగా పనికొచ్చేది. మన వేలిముద్రలాగే ఏ రెండు పశువుల ముట్టె గీతలూ ఒకలా ఉండవు. ముక్కు తుడిచి, వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి ఉంచుకోండి, ఖర్చు లేని పని.

అపోహ: కీళ్ళవాపుకు, గొంతువాపుకు వాత పెడితే తగ్గుతుంది.

తగ్గదు. గొంతువాపు, జబ్బవాపు బాక్టీరియా వల్ల వస్తాయి. వానలకు ముందే టీకా వేయించాలి, వస్తే వెంటనే పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయాలి. ఇక్కడ ఈ మాట ఎత్తడానికి ఇంకో కారణం కూడా ఉంది. వైద్యం కోసం పెట్టిన వాతను ఇంటి ముద్ర అనుకుని పశువు మాదేనని గొడవకు దిగినవాళ్ళనూ చూశాను.

ఇక స్టేషన్‌లోని పడ్డ దగ్గరకు వస్తాను. ట్యాగు లేదు గానీ ఎడమ చెవికి మానిన చిల్లు ఉంది. ఇద్దరినీ ఒకటే అడిగాను. "మీ పడ్డకు ఎద సూది ఎప్పుడు వేయించారు?" మొదటాయన ఐదు నెలల కిందట మా ఆసుపత్రిలోనే వేయించానన్నాడు. రెండో ఆయన తన పడ్డ ఇంకా ఎదకు రాలేదన్నాడు. చేతికి తొడుగు వేసుకుని చూడి పరీక్ష చేశాను. చూడి ఉంది, నెలల లెక్క సరిపోయింది. రికార్డులో తేదీ, పాత ట్యాగు నంబరు, మొదటాయన పేరు ఉన్నాయి. ట్యాగు వేసిన రోజు ఆయన కొడుకు తీసిన ఫొటోలో అదే ఎడమ చెవి, తోక కుచ్చులో అవే తెల్ల వెంట్రుకలు. ఎస్సై రాయించుకుని పడ్డను ఆయనకు అప్పగించారు.

రెండో ఆయన చాలాసేపు ఆ వేపచెట్టు కిందే కూర్చున్నాడు. ఆయన పడ్డకు ట్యాగు వేయించలేదు, ఫొటో లేదు, టీకా కూడా ఎక్కడా నమోదు కాలేదు. ఉన్నది తొడ మీద ముద్ర ఒక్కటే. ఫిర్యాదులో గుర్తులు రాయించడానికి నేనూ పక్కన కూర్చున్నాను. కొమ్ములు ఎలా తిరిగాయి, ఎన్ని పళ్ళు వేసింది, నుదుటి మీద సుడి ఎక్కడుంది అని అడుగుతుంటే ఇంట్లో ఆడవాళ్ళకు ఫోన్ చేసి ఒక్కొక్కటీ కనుక్కుని చెప్పాడు. ఆ పడ్డ దొరకలేదు.

మీ కొట్టంలో ఉన్న ప్రతి పశువుకూ ఈ పని ఈ వారంలోనే చేయండి. రెండు పక్కల నుంచీ, ముందు నుంచీ, ముట్టె దగ్గర నుంచీ, ట్యాగు నంబరు కనిపించేలా చెవి దగ్గర నుంచీ ఫొటోలు తీయండి. మీరు పక్కన నిలబడి ఒకటి తీయించుకోండి. వాటిని ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపించండి, తేదీ దానంతటదే పడుతుంది. సంత రశీదు, పాలకేంద్రం పుస్తకం, టీకా కార్డు ఒకే సంచిలో పెట్టండి. పెబ్బేరు సంత కావచ్చు, మీ పక్క ఊరి సంత కావచ్చు, కొనేటప్పుడు ట్యాగు నంబరు రశీదు మీద రాయించుకోండి. ట్యాగు లేకుండా చెవికి పచ్చి చిల్లు మాత్రం ఉన్న పశువును అసలు ధరలో సగానికి ఇస్తానన్నా కొనకండి. దాని కోసం ఏ ఊళ్ళోనో ఒకరు స్టేషన్ చుట్టూ తిరుగుతూ ఉంటారు.