అడుగుకు చేరిన జీడిపప్పు

మా ఇంట్లో కుక్కర్‌లో ఇసుక పోసి చేసిన మొదటి చాక్లెట్ కేకును పళ్ళెంలోకి తిరగేయగానే జీడిపప్పంతా ఒక్కచోట కనబడింది. అది కేకుకు అడుగు. మిగతా కేకులో వెతికితే ఒక్క పలుకు దొరకలేదు. పైగా ఆ పప్పు పాయసంలో నానినట్టు తెల్లగా, మెత్తగా ఉంది. ముప్పావు గంట పొయ్యి మీద ఉన్నది వేగకపోవడం ఏమిటని అమ్మ అడిగింది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. "ఎలాగూ వేగనప్పుడు ఈ ఇసుక, ఈ తంటాలు ఎందుకే? ఇడ్లీ పాత్రలో పెడితే ఉడికిపోదూ?"

నవ్వి ఊరుకున్నాను కానీ, తరువాత ఆలోచిస్తే అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. ఇడ్లీకి, కేకుకు చుట్టరికం చాలా దగ్గరిది. రెండూ నురగలే. ఇడ్లీ పిండిలో ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా రాత్రంతా పనిచేసి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టిస్తుంది. మినపపిండి జిగురు వాటిని జారిపోకుండా పట్టుకుంటుంది. కేకులో ఆ రాత్రంతా పనిని వంటసోడా నిమిషాల్లో కానిచ్చేస్తుంది. బుడగలను పట్టుకునేది మైదాలోని గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్, చిక్కటి చక్కెర ద్రవం. వేడి తగిలాక రెండింటిలోనూ జరిగేది ఒకటే. పిండిపదార్థం నీరు పీల్చుకుని ఉబ్బి, బుడగల చుట్టూ గోడలై గట్టిపడుతుంది.

తేడా వచ్చేది వేడి దగ్గర. ఇడ్లీ పాత్రలో ఆవిరి వేడి నూరు డిగ్రీలు. మంట ఎంత పెంచినా నీళ్ళు త్వరగా మరుగుతాయే తప్ప వేడి నూరు దాటదు. అందుకే ఇడ్లీ ఎంతసేపు ఉంచినా ఎర్రబడదు. కుక్కర్‌లో ఇసుక పోసి, నీళ్ళు లేకుండా పెట్టిన కేకు చుట్టూ ఉన్న గాలి 160, 180 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పొడి వేడి కనుక అది సాధ్యం. అయితే చిత్రమేమిటంటే, చుట్టూ అంత వేడి ఉన్నా కేకు నడిమి భాగం మాత్రం చివరి నిమిషం వరకూ నూరు దాటదు. పిండిలో నీరుంది. నీరున్నంతసేపూ అక్కడికి చేరిన వేడిలో చాలా భాగం దాన్ని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కేకు ఉడికిందని మనం బయటికి తీసే వేళకు నడుమ ఉండేది 95 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. అంటే కేకు లోపల ఉన్నది ఇడ్లీయే. పొయ్యి సంగతి తెలిసేది దాని చర్మానికి మాత్రమే.

ఈ మాట అమ్మకు దిబ్బరొట్టె పెట్టి చెప్పాను, వెంటనే ఒప్పుకుంది. మూకుడులో నూనె మీద పోసిన దిబ్బరొట్టె లోపల ఇడ్లీలా తెల్లగా ఉంటుంది. అడుగు మాత్రం ఎర్రగా కరకరలాడుతుంది. అడుగున నీరు ముందే ఆవిరైపోయి పొడిబారింది, అందుకే నూరు దాటగలిగింది. సుమారు 140 డిగ్రీలు దాటాక ప్రొటీన్ ముక్కలు, చక్కెరలు ఒకదానితో ఒకటి చురుగ్గా కలిసి వందల రకాల కొత్త పదార్థాలవుతాయి. వేపుడు వాసన, ఆ ఎర్రదనం వాటివే. ఈ చర్యను 1912లో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరే దానికి స్థిరపడింది.

ఇక జీడిపప్పు సంగతి. నూరు దాటని చోట వేసిన పప్పు వేగదు, ఉడుకుతుంది. మన పప్పు పలాసది. అంగట్లో పచ్చి జీడిపప్పు అని అమ్మేది నిజానికి పచ్చిదేమీ కాదు. పెంకు పగలగొట్టే ముందు గింజను ఆవిరి పట్టడమో కాల్చడమో చేస్తారు, పలుకు మీది ఎర్రపొర ఊడడానికి మళ్ళీ వేడిలో ఆరబెడతారు. ఆ పెంకులో చర్మాన్ని పొక్కించే నూనె ఉంటుంది. అందుకే పెంకు తీసేవాళ్ళు చేతులకు నూనో బూడిదో పూసుకుంటారు. మామిడి, జీడిమామిడి, బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి, మూడూ ఒకే కుటుంబం చెట్లు. మామిడి సొన తగిలి మూతి పొక్కినవాళ్ళకు ఆ చుట్టరికం వేరే చెప్పనక్కరలేదు. పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టుకు మనవాళ్ళు ఇంటిపేరు సరిగ్గా చూసి పెట్టారు.

ఇంతటి వేడి చూసి వచ్చినా పలుకు తెల్లగానే ఉందంటే, వేగే దశ ఇంకా మొదలుకాలేదన్నమాట. కాబట్టి మూకుడులో సన్నటి సెగ మీద లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించి, చల్లార్చి, అప్పుడు పిండిలో కలపాలి. పలుకులో తేమ చాలా తక్కువ కనుక మూకుడులో అది సులువుగా నూరు దాటుతుంది. కేకులోకి వెళ్ళాక ఇక ఆ అవకాశం రాదు.

మునగడం మాటేమిటి? చాలామంది చెప్పే చిట్కా పప్పుకు మైదా అద్దడం. నేనూ అద్దాను, అయినా మునిగింది. గింజ ఏ వేగంతో మునుగుతుందో 1851లో జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ లెక్క కట్టాడు. చిక్కటి ద్రవంలో చిన్న గోళం పడే వేగం దాని సైజు వర్గాన్ని బట్టి ఉంటుంది. సైజు సగమైతే వేగం పావు వంతు. జీడిపప్పు గోళం కాదు, అయినా లెక్క తీరు అదే. ద్రవం పలచనైతే వేగం పెరుగుతుంది, కేకులో సరిగ్గా ఇదే మనకు ఎదురుతిరుగుతుంది. పొయ్యి మీద పెట్టగానే పిండి గట్టిపడదు. ముందు వేడికి పలచబడుతుంది, పిండిపదార్థం ఉబ్బాకే గట్టిపడుతుంది. ఆ మధ్యలో దొరికిన నిమిషాల్లో నిండు పలుకులు అడుగుకు చేరిపోతాయి.

అంటే కేకుకు నిండు పలుకు దండగ. పలాసలో పలుకుల ధర సైజును బట్టి ఉంటుంది. పౌను బరువుకు 180 పలుకులు తూగేవి పెద్దవి, ఖరీదైనవి. 320 తూగేవి మామూలువి. విరిగిన ముక్క అన్నిటికంటే చవక, రుచిలో మాత్రం ఏ తేడా లేదు. రెండోసారి నేను ముక్కే కొన్నాను, దాన్ని శనగబద్దంత చేసి వేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతంలోని ఉద్దానం జీడితోటలను నేలకూల్చిన సంగతి తెలిసినవాళ్ళకు ఏ పప్పునూ చవక అనడానికి నోరు రాదనుకోండి.

కోకో పొడికి ఈ తిప్పలు లేవు. వేడి చూడాల్సిందంతా అది ముందే చూసి వచ్చింది. గోదావరి జిల్లాల్లో కొబ్బరిచెట్ల నీడన కాసే కాయల్లోంచి గింజలు తీసి, కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెడతారు. ఆ తరువాత 120 నుంచి 150 డిగ్రీల మధ్య వేయిస్తారు. చాక్లెట్ వాసన పుట్టేది అక్కడ, మన కుక్కర్‌లో కాదు. అందుకే కేకు నడుమ నూరు దాటకపోయినా గోధుమరంగు, ఆ వాసన రెండూ ఉంటాయి.

మామూలు కోకో కాస్త ఆమ్లం. పుల్ల పెరుగు మరీ ఆమ్లం. వంటసోడాకు కావలసింది ఇవే. ముప్పావు చెంచా, అంటే మూడున్నర గ్రాముల సోడా ఆమ్లంతో పూర్తిగా కలిస్తే దాదాపు ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందులో కొంత కలిపేటప్పుడే పోతుంది కనుక పిండి కలపగానే కుక్కర్‌లో పెట్టేయాలి. ఆమ్లం చాలకపోతే మిగిలిన సోడా వేడికి విడిపోయి వాయువు సగమే ఇస్తుంది, వెనకాల బట్టలుతికే సోడాను వదిలిపెడుతుంది. కొన్ని కేకులకు సబ్బు రుచి వచ్చేది అందుకే. నల్లగా నిగనిగలాడే డచ్చి కోకోలో ఆమ్లాన్ని ముందే క్షారంతో చంపేసి ఉంటారు. దానితో సోడా ఒక్కటే వేస్తే భారమంతా పెరుగు మీద పడుతుంది.

కొలతలు ఇవి. మైదా ఒకటిన్నర కప్పు, కోకో పావు కప్పు, పంచదార ఒక కప్పు, సోడా ముప్పావు చెంచా, చిటికెడు ఉప్పు. అర కప్పు వేడినీళ్ళలో కోకో కలిపి చల్లారనిచ్చి, అర కప్పు పుల్ల పెరుగు, కప్పులో మూడోవంతు నూనె చేర్చాలి. తడి, పొడి ఒకచోట చేర్చాక ఉండలు పోయేదాకా కలిపి ఆపేయాలి. చపాతీ పిండిలా మర్దిస్తే గ్లూటెన్ బిగిసి కేకు సాగుతుంది. చివర్లో పప్పు. వెన్న ఎందుకు లేదంటే, అది 32, 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. వెన్నను చక్కెరతో గిలక్కొట్టి గాలి పట్టించాలంటే అది మెత్తగా, కరగకుండా ఉండాలి. శ్రీకాకుళంలో మే నెల మధ్యాహ్నం వెన్నను అలా నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. ఇక్కడి వాతావరణానికి నూనె కేకే నప్పుతుంది.

కుక్కర్ విజిల్, మూత రబ్బరు రెండూ తీసేయాలి, చుక్క నీరు పోయకూడదు. అడుగున రెండు వేళ్ళ మందాన ఇసుక, దాని మీద చిన్న స్టాండు. మరమరాలు వేయించేవాళ్ళు ఇసుకను ఎందుకు వాడతారో ఇక్కడా అందుకే. మంట హెచ్చుతగ్గులను తనలో దాచుకుని వేడిని అన్ని వైపులా సమంగా ఇస్తుంది. నాగావళి ఇసుకను కడిగి, ఎండబెట్టి, జల్లించి వాడాను. పది నిమిషాలు వేడెక్కాక గిన్నె పెట్టి, సన్నటి సెగ మీద నలభై నిమిషాల పైన ఉంచాను. పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది.

రెండో కేకు కోసినప్పుడు పప్పు ముక్కలు పైనుంచి అడుగు దాకా చల్లినట్టున్నాయి, నమిలితే కరకరమన్నాయి. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టబోతే నేనే ఆగాను. చల్లటి చోట పిండిపదార్థం త్వరగా బిగుసుకుంటుంది, మర్నాటికి కేకు గట్టిపడుతుంది. మూతపెట్టి బయటే ఉంచాను. తెల్లారి చూస్తే డబ్బాలో నడిమి ముక్కలన్నీ ఉన్నాయి, అంచులు లేవు. దిబ్బరొట్టెలోనూ అమ్మ ముందు తినేది అంచే.