సైనికుల కత్తులు: అపోహలు - వాస్తవాలు

సైన్యంలో ఆయుధాల మరమ్మతు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సికింద్రాబాద్ తిరుమలగిరిలో కత్తులు బాగుచేస్తున్నాను. చుట్టూ కంటోన్మెంటు కావడంతో మాజీ సైనికులు ఖుక్రీలు (గోర్ఖాల వంపు కత్తులు), కాబార్‌లు (అమెరికా సైనికుల కత్తులు) తెస్తుంటారు. కత్తితోపాటు దాని గురించి విన్న కథలూ తెస్తారు.

అపోహ: ఖుక్రీని ఒరలోంచి తీస్తే రక్తం చూపించకుండా తిరిగి పెట్టకూడదు.
గోర్ఖా జవాన్లతో కలిసి పనిచేశాను. వాళ్లు ఖుక్రీ తీసేది కట్టెలు కొట్టడానికి, గుడారం మేకులు చెక్కడానికి, మేకను కోయడానికి. రోజంతా చేతిలో ఉండే పనిముట్టు అది. వాళ్లు తప్పక పాటించే నియమం వేరు: కత్తి దూసేటప్పుడు ఒర పట్టుకున్న వేళ్లు అంచు వైపు చుట్టుకోకూడదు. పాతబడిన ఒరను చీల్చుకుని అంచు వేళ్లకు తగులుతుంది.

అపోహ: కత్తి మీది గాడి రక్తం కారిపోవడానికి.
కాదు. బరువు తగ్గించడానికి. నడుము సన్నగా ఉన్నా రైలు పట్టా ఎలా వంగదో, గాడి తీసిన కత్తీ అంతే.

అపోహ: నిప్పురవ్వలు లేస్తేనే పదును ఎక్కుతుంది.
నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఒక సుబేదార్ గారు కాబార్ తెచ్చారు. అమెరికా మెరీన్లు 1942లో చేపట్టిన రకం, 7 అంగుళాల అలుగు (పిడి కాక మిగిలిన ఉక్కు భాగం). "మొన్ననే సాన పట్టించానండీ, వారం తిరక్కుండానే మొద్దుబారింది" అన్నారు. వెలుతురులో పెట్టి చూస్తే మొన దగ్గర అంగుళం మేర నెమలికంఠం నీలం. రవ్వలు లేచేలా సాన పట్టడంతో ఉక్కు దాదాపు 300 డిగ్రీలకు వేడెక్కితే వచ్చే రంగు అది. అంత వేడికి అంచు మెత్తబడుతుంది, ఆ తర్వాత ఎంత సాన పట్టినా నిలవదు. మెత్తబడిన ఉక్కు పోయేదాకా తడి రాయి మీద చేత్తో అరగదీశాను. రెండు రోజులు పట్టింది. ఒక్కో వైపు 20 డిగ్రీల వాలు చాలు. రాయి తడిగా ఉండాలి, చెయ్యి నెమ్మదిగా కదలాలి.

పిడి నిండా వెడల్పాటి ఉక్కు ఉంటేనే కత్తి బలమనే వాళ్లకూ ఆ కాబార్‌నే చూపిస్తాను. దాని పిడిలో ఉన్నది సన్నటి కడ్డీ, దాని మీద పేర్చిన తోలు బిళ్లలు. రెండో ప్రపంచ యుద్ధం గడిచి వచ్చిన కత్తి అది.

అపోహ: మంచి ఉక్కంటే విదేశాలదే.
నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కును కొనడానికి ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. మన నేల మీది పని అది, మరిచిపోవద్దు.

అపోహ: మాజీ సైనికుడు ఏ కత్తినైనా నడుముకు కట్టుకుని తిరగవచ్చు.
ఆయుధాల చట్టం 1959లోనిది. దాని కింది నియమాల్లో, 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల కోవలోకి వస్తాయి. ఇంటి పనికీ, పొలం పనికీ చేసినవి వేరు. పాత సర్వీసు దీనికి మినహాయింపు కాదు.

అపోహ: తోలు ఒరలో పెడితే కత్తి భద్రం.
తోలు తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది. మన వానాకాలంలో ఒరలోనే వదిలేసిన కత్తికి నెల తిరిగేసరికి తుప్పు మచ్చలు వస్తాయి. ఒర పక్కన పెట్టండి. కత్తికి పలుచగా నూనె రాసి పొడి గుడ్డలో చుట్టండి. దసరా ఆయుధ పూజకు తడి పసుపు, కుంకుమ తప్పకుండా పెట్టండి. కానీ తెల్లారేదాకా ఉంచకుండా ఆ రాత్రే తుడిచి నూనె రాయండి. పండగ మరునాడు నా దగ్గరికి వచ్చే ఖుక్రీల మీద బొట్టు ఉన్నచోటే గుండ్రంగా, వేలితో అద్దినట్టే తుప్పు ఉంటుంది.