యూరప్ వెళ్లి కారు తెచ్చుకునే అలవాటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది?

2020లో బీఎండబ్ల్యూ తన అమెరికన్ కొనుగోలుదారుల కోసం నడిపిన యూరోపియన్ డెలివరీ పథకాన్ని ఎత్తివేసింది. దాదాపు అదే సమయంలో మెర్సిడెస్ కూడా అదే పని చేసింది. చాలామంది ఆ నేరాన్ని కరోనా మీదికి నెట్టారు. నాకైతే, అప్పటికే మంచం పట్టిన మనిషికి తగిలిన ఆఖరి జ్వరంలా కనిపించింది.

బీఎండబ్ల్యూ అప్పటి పద్ధతి ఇది: అమెరికాలోని డీలరు దగ్గర కారు బుక్ చేసి, జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి తాళంచెవి అందుకోవాలి. తాత్కాలిక నంబర్ ప్లేటుతో ఆల్ప్స్ కొండల్లో తిరిగినంత తిరిగి, కారును ఓడకెక్కించే సంస్థకు అప్పగించి ఇంటికి రావాలి. కొన్ని వారాలకు కారు వెనకే వస్తుంది. ధరలో 7 శాతం వరకు తగ్గింపు, సెలవుల్లో అద్దెకారు ఖర్చు మిగులు. అమెరికాలో ఉద్యోగాలు చేసే మన తెలుగువారికి భారత పాస్‌పోర్టు ఉంటే, కారు కంటే ముందు యూరప్ దేశాల్లో తిరగడానికి కావలసిన షెంగెన్ వీసా సంపాదించుకోవాల్సి వచ్చేది!

1950లలో డాలరుకు 4.20 జర్మన్ మార్కులు వచ్చేవి. 1958 అక్టోబరులో పాన్ యామ్ సంస్థ న్యూయార్క్ నుంచి పారిస్‌కు జెట్ విమానం నడపడంతో అట్లాంటిక్ ప్రయాణం గంటల్లోకి వచ్చింది. అక్కడ కారు కొని, తిరిగి, వెంట తెచ్చుకోవడం అమెరికన్లకు లాభసాటి బేరమే.

1968 జనవరి 1న అమెరికా భద్రతా ప్రమాణాలు అమలులోకి వచ్చాక కథ మారింది. యూరప్ వీధుల కోసం తయారైన కారును నేరుగా తెస్తే రేవులోనే చిక్కు. అమెరికా నిబంధనలకు తగిన కారును తయారీదారే సిద్ధం చేసి అక్కడ అందించాలి. యాత్రికుడి సొంత బేరం అలా కంపెనీ పథకం చేతుల్లోకి పోయింది. 1980ల మధ్యలో డాలరు 3 మార్కులు దాటినప్పుడు దళారులు యూరప్ కార్లను తెచ్చి, అమెరికాలో మార్పులు చేయించి అమ్మారు. 1988లో వచ్చిన చట్టం ఆ దారిని బాగా ఇరుకు చేసింది.

అసలు దెబ్బ మాత్రం కార్ఖానాల వలస. 1997లో మెర్సిడెస్ ఎస్‌యూవీ ఎం-క్లాస్ అమెరికాలోని అలబామాలో, 1999లో బీఎండబ్ల్యూ ఎస్‌యూవీ ఎక్స్5 దక్షిణ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో తయారవడం మొదలైంది. అమెరికన్ల మనసు సెడాన్ల నుంచి ఎస్‌యూవీల వైపు మళ్లింది. ఇంటి పక్కన పుట్టే బండిని మ్యూనిక్ వెళ్లి తెచ్చుకోవడం ఎలా? 2007లో బీఎండబ్ల్యూ అక్కడ కార్లు అందించడానికే వెల్ట్ అనే గాజు భవనం తెరిచింది. ముచ్చటైన కట్టడమే, కానీ అమెరికన్లు ఎక్కువగా కోరుకునే ఎక్స్5 అక్కడ పుట్టదు.

స్వీడన్‌లోని వోల్వో మాత్రం గోథెన్‌బర్గ్‌లో ఈ సంప్రదాయాన్ని ఆ తరువాత కూడా నిలుపుకుంది. దాని పెద్ద ఎస్‌యూవీ ఎక్స్‌సీ90 ఆ ఊళ్లోని టోర్ష్‌లాండా కార్ఖానాలోనే తయారవుతుంది.