పద్ధతీ కావాలి, కొత్తదనమూ కావాలి

2013 దాకా ఒకే మనిషికి ఆటిజం (మనుషుల్ని, లోకాన్ని వేరేలా గ్రహించే తీరు), ఏడీహెచ్‌డీ (ధ్యాసకు, కుదురుకు సంబంధించిన ఇబ్బంది) రెండూ ఉన్నాయని డాక్టరు రాయడానికి వీల్లేదు. చాలా దేశాల్లో మానసిక వైద్యులు ఆధారంగా పెట్టుకునే డీఎస్‌ఎం అనే పుస్తకాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వేస్తుంది. 1994 నాటి నాలుగో కూర్పు ప్రకారం ఆటిజం ఉంటే ఏడీహెచ్‌డీని విడిగా రాయకూడదు. 2013లో వచ్చిన ఐదో కూర్పు ఆ అడ్డు తీసేసింది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11 కూడా రెండూ కలిసి ఉండొచ్చనే అంటుంది. కాబట్టి నాలా రెండూ ఉన్న మా ఈడువాళ్లు గుంటూరు బ్రాడీపేట లైన్లలో ట్యూషన్లకు తిరిగే రోజుల్లో, ఎవరైనా పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా రెండింట్లో ఒకటే చేతికొచ్చేది. అసలు ఎవరూ తీసుకెళ్లలేదు, అది వేరే సంగతి. మాకు దొరికిన నిర్ధారణలన్నీ బంధువులు చేసినవే. "బుర్ర ఉంది, బద్ధకం." "మంచిపిల్లే గానీ కాస్త తిక్క."

ఈ రెండూ కలిసి ఉండటం అరుదేమీ కాదు. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన 2019 నాటి ఒక విశ్లేషణ ప్రకారం, ఆటిజం ఉన్నవాళ్లలో నూటికి సుమారు 28 మందికి ఏడీహెచ్‌డీ కూడా ఉంది. అయినా ఇంతమంది కంటపడకుండా ఎలా పెద్దయ్యారంటే, ఒకటి ఇంకోదాన్ని దాచేస్తుంది కాబట్టి. ఆటిజానికి నిన్న జరిగినట్టే ఇవాళా జరగాలి. ఏడీహెచ్‌డీకి నిన్నటిదే మళ్లీ అంటే ఒళ్లు మంట. అరండల్‌పేటలో నేను టిఫిన్ చేసే హోటల్లో రోజూ అదే మూల బల్ల, అదే ఇడ్లీ, అదే కారప్పొడి. నెలల తరబడి ఇంకోటి ముట్టను. ఓ పూట ఉన్నట్టుండి ఆ ఇడ్లీని చూస్తేనే విసుగు పుడుతుంది. పోనీ దోసె చెప్దామంటే అది తెలియని దోసె. చివరికి టీ తాగి లేచి వస్తాను. నా లెక్కల పుస్తకంలో గీతలన్నీ స్కేలు పెట్టి కొట్టినవి, అదే బల్ల సొరుగు తెరిస్తే పాత రసీదులు, పగిలిన ఇయర్‌ఫోన్లు, రాయని పెన్నులు. పుస్తకం చూసినవాళ్లు ఏడీహెచ్‌డీ లేదంటారు. వాగుడు విన్నవాళ్లు ఆటిజం లేదంటారు.

బయటికి కనబడేది ఇది. లోపలి కథ ఎక్కువగా ఇంద్రియాలది.

మిర్చి యార్డులో ఫిబ్రవరి నుంచి మే దాకా సీజను. ఆ పక్కనే ఒక కమిషన్ వ్యాపారి కొట్లో నేను లెక్కలు రాస్తాను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించేటప్పుడు లేచే ఘాటుకు కొత్తవాళ్లు ఎవరైనా దగ్గాల్సిందే. మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని లేపుతుంది. వేడి తగిలినప్పుడు స్పందించేదీ అదే కాబట్టి కారం మనకు మంటగా తెలుస్తుంది. 1997లో ఆ గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ ఇచ్చారు. అదే ఘాటు పదేపదే తగులుతుంటే ఆ నరాల స్పందన తగ్గిపోతుంది. యార్డులో పాతవాళ్లు ముక్కుకు తువ్వాలైనా అడ్డం పెట్టుకోకుండా తిరగ్గలిగేది అందుకే కాబోలు.

శబ్దానికి ఇలాంటి అలవాటు మెదడులో పడుతుంది. ఫ్యాను కిర్రుమంటుంటే కాసేపటికి మెదడు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలకు ఇబ్బంది పెట్టే శబ్దాలను, గరుకు స్పర్శను మళ్లీ మళ్లీ తగిలిస్తూ మెదడు స్కాన్ తీసిన అధ్యయనాలున్నాయి. మిగతా పిల్లల్లో కాసేపటికి చల్లబడిన స్పందన వీళ్లలో, ముఖ్యంగా ఇంద్రియాలు బాగా సున్నితంగా ఉన్నవాళ్లలో, చల్లబడలేదు. వందోసారి మోగిన ఫోను కూడా వాళ్లకు దాదాపు మొదటిసారి మోగినట్టే. ఇంద్రియాల ఈ ఇబ్బందిని ఆటిజం లక్షణాల జాబితాలో చేర్చిందీ డీఎస్‌ఎం 2013 కూర్పే. అప్పటిదాకా అది పిల్లల మొండితనం ఖాతాలో పడేది.

నాలాంటి వాళ్లకు దీనిమీద ఇంకోటి తోడవుతుంది. ఆటిజం వల్ల ఆ శబ్దం గుచ్చుకుంటుంది. ఏడీహెచ్‌డీ వల్ల ధ్యాస ఆ శబ్దం వెంటే పోతుంది. బయట కాటా దగ్గర ఎవరో అరుస్తుంటే చెవులు నొప్పి పుడతాయి, పైగా ఆ గొడవ దేని గురించో పూర్తిగా వినేదాకా నా కూడిక ముందుకు కదలదు. సాయంత్రానికి చేసిన పని చూస్తే కొంచెమే ఉంటుంది, అలసట మాత్రం టిక్కీలు మోసినంత.

ఏడీహెచ్‌డీని ధ్యాస లేకపోవడంగా చెబుతుంటారు. నా లెక్కలో అది ధ్యాసను కోరిన చోట పెట్టలేకపోవడం. ఏ పని చేస్తే ఫలితం బాగుంటుందో మెదడుకు చెప్పి, దాన్ని ఆ పనిలోకి దించే రసాయనాల్లో డోపమిన్ ముఖ్యమైనది. ఏడీహెచ్‌డీలో ఆ వ్యవస్థ నడిచే తీరు వేరుగా ఉంటుంది. అందుకే నచ్చిన పని, కొత్త పని, లేదా గడువు మెడమీదికొచ్చిన పని మాత్రమే మమ్మల్ని కదిలిస్తాయి. ముఖ్యమైన పని అన్న ఒక్క కారణం చాలదు. నెలవారీ జీఎస్‌టీ రిటర్ను జీఎస్‌టీఆర్-3బీకి గడువు 20వ తేదీ అయితే నాకు ఊపు వచ్చేది 19 రాత్రే. గడిచిన సమయాన్ని అంచనా వేయమని పెట్టిన పరీక్షల్లో కూడా ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు సగటున వెనకబడతారని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఇక నోటిమాటగా చెప్పిన పనుల్ని కాసేపు పట్టి ఉంచుకునే జ్ఞాపకం దగ్గర కూడా మాకు కష్టమే. మా ఓనరు లోపలికొస్తూనే అంటాడు, "ఏమ్మా, నరసరావుపేట పార్టీకి బిల్లు పంపు, కోల్డ్ స్టోరేజీకి ఫోన్ కొట్టు, నిన్నటి కాటా చీటీలు ఒకసారి చూడు." నేను "సరే బాబాయ్" అంటాను. బిల్లు వెళ్తుంది. మిగతా రెండూ గాల్లో కలిసిపోతాయి.

దీనికి నేనేం చేశానో చెప్పేముందు, పని చేయనిదేమిటో చెప్పాలి. ఇక్కడికి రాకముందు విజయవాడలో ఒక ఆఫీసులో ఉండేదాన్ని. అక్కడ డాక్టరిచ్చిన నిర్ధారణ రిపోర్టు చూపించి, ఆటిజం అంటే ఏమిటి, ఏడీహెచ్‌డీ అంటే ఏమిటి అని మేనేజరుకు ఓపికగా వివరించాను. ఆయన చాలా బాధపడ్డారు. నా కుర్చీ మాత్రం ప్రింటరు పక్కనే ఉండిపోయింది. ఇక్కడ ఆ రెండు మాటలూ ఎత్తలేదు. "బాబాయ్, నోటితో చెప్పిన పని నాకు నిలవదు. వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టండి. అప్పుడూ మర్చిపోతే తిట్టండి" అన్నాను. "నాకు టైపింగ్ ఎక్కడొచ్చమ్మా" అన్నాడు. వాయిస్ పెడతానన్నాడు, పెడుతున్నాడు. వాయిస్ అయితే ఇంకా మేలు, ఎన్నిసార్లయినా వినొచ్చు. కాటా వైపు కిటికీ దగ్గర్నుంచి బల్లను లోపలి గోడకు జరపమన్నాను, జరిపించాడు. మనల్ని అర్థం చేసుకోమని అడిగితే ఎదుటివాడికి ఏం చేయాలో తోచదు. బల్ల జరపమంటే తోస్తుంది. ఆటిజం గురించి నలుగురికీ తెలియాలనేవాళ్లతో నాకు పేచీ లేదు, కానీ ఆ తెలివిడి వచ్చేదాకా ప్రింటరు పక్కన కూర్చోవడం నావల్ల కాదు.

అర్థం కాకపోవడం ఒకవైపు నుంచే కాదు కూడా. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మనసు తెలియదని ఎంతోకాలం పాఠంలా చెప్పారు. డామియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త 2012లో దీన్ని తిరగేశాడు. ఆయనకూ ఆటిజం ఉంది. ఇద్దరు మనుషులు లోకాన్ని వేరువేరుగా అనుభవిస్తున్నప్పుడు తెలియకపోవడం ఇద్దరిదీ అవుతుంది కదా అన్నాడు. 2020లో ఒక బృందం దీన్ని పరీక్షించింది. ఒక కథను ఒకరి నుంచి ఒకరికి వరసగా చెప్పించారు. అందరికీ ఆటిజం ఉన్న వరసలో కథ, ఎవరికీ లేని వరసలో ఎంత నిలిచిందో అంతే నిలిచింది. కలిసిన వరసల్లో ఎక్కువ జారిపోయింది. ఆ తర్వాత మరింతమందితో చేసిన ప్రయోగంలో కలిసిన వరసలు కూడా వెనకబడలేదు. మిల్టన్ మాట తేలిందనడానికి ఇది చాలదు. కానీ మాకు మాట చేరవేయడం రాదన్న పాత పాఠాన్ని మాత్రం రెండు ప్రయోగాలూ నిలవనివ్వలేదు.

ఇంట్లో వచ్చే మాట ఇంకోటి, అమ్మ గారాబంతో పాడుచేసిందని. 1950లలో అమెరికాలోనూ ఆటిజానికి తల్లి మనసు చల్లబడటమే కారణమన్నవాళ్లున్నారు. ఇక్కడ గారాబం ఎక్కువైందని, అక్కడ ప్రేమ తక్కువైందని. ఎటూ తప్పు తల్లిదే. కవలల మీద చేసిన అధ్యయనాల ప్రకారం మనుషుల మధ్య ఏడీహెచ్‌డీ విషయంలో కనబడే తేడాల్లో నాలుగింట మూడు వంతులు, ఆటిజంలో దాదాపు 80 శాతం జన్యువుల నుంచి వచ్చేవే. రెండింటికీ కొన్ని జన్యువులు ఉమ్మడి కూడా.

మా ఓనరు మంచివాడు కాబట్టి బల్ల కదిలింది. కదలనిచోట కాగితం కావాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. రెండూ ఉన్నవాళ్లు వైకల్యాన్ని కొలిచే సదరం క్యాంపుకు వెళ్తే సర్టిఫికెట్ ఆటిజానికే వస్తుంది. కొలిచేది ఐఎస్‌ఏఏ అనే మన దేశపు స్కేలుతో, అందులో 40 అంశాలు. కళ్లలోకి చూడకపోవడం వాటిలో ఒకటి. ఎదుటివాళ్ల కనుబొమల మధ్య చూస్తే కళ్లలోకి చూసినట్టే ఉంటుందని చిన్నప్పుడే కనిపెట్టిన నాలాంటి వాళ్లు ఆ అంశం దగ్గర అన్యాయంగా పాసైపోతారు. ప్రభుత్వ సంస్థలు తగిన సర్దుబాట్లు చేసిపెట్టాలని చట్టం అంటుంది. ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలి. సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం లేకపోతే ఏమీ అడగకూడదనుకునేవాళ్లు సుప్రీంకోర్టు 2021లో వికాశ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు చూడాలి. చేతిరాత కుదరని ఒక సివిల్స్ అభ్యర్థికి రాసిపెట్టే మనిషిని ఇవ్వాల్సిందేనంటూ, సర్దుబాటుకు ఆ 40 శాతం గీత అడ్డు కాదంది.

మందుల సంగతి క్లుప్తంగా. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్, మెదడులో డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు త్వరగా వెనక్కి పోకుండా ఆపుతుంది. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద నియంత్రణ ఉన్న మందు కాబట్టి కొన్ని షాపుల్లోనే దొరుకుతుంది. ఆటిజం కూడా ఉంటే అంచనా కాస్త తగ్గించుకోవాలి. 2005లో అమెరికాలో అలాంటి 72 మంది పిల్లలకు ఇచ్చి చూస్తే సుమారు సగం మందికి పనిచేసింది, 18 శాతం మంది దుష్ప్రభావాలతో మానేశారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచే డాక్టరు కావాలి. ఆటిజానికి మాత్రం మందు లేదు, ఉందని అమ్మేవాళ్లకు దూరంగా ఉండటం మంచిది.

పెద్దయ్యాక నిర్ధారణకు వెళ్లేవాళ్లు పాత ప్రోగ్రెస్ కార్డులు వెతికి పట్టుకెళ్లాలి. ఏడీహెచ్‌డీ అని రాయాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే కనబడి ఉండాలి, దానికి "క్లాసులో దిక్కులు చూస్తుంది" అని టీచరు రాసిన ఒక్క వాక్యం నా ఉపన్యాసం కంటే ఎక్కువ పనిచేసింది. అమ్మనైనా, పెద్దమ్మనైనా కూర్చోబెట్టి చిన్ననాటి సంగతులు అడిగి రాసుకోవాలి. అడగదలచుకున్నవి కూడా ముందే రాసుకోవాలి, డాక్టరు ఎదురుగా అవేవీ గుర్తుకు రావు. రాసేది కాగితం మీదే. ఫోన్‌లో రాసుకుంటే అది తెరిచేసరికి ఓనరు వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చి ఉంటుంది.