కంపౌండర్ కనుమరుగైనా కలపడం ఆగలేదు

బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ సూదిమందుకు కొరత తీరిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. కొరత ఉన్నంతవరకే ఉన్న వెసులుబాటుతో అదే మందును తామే కలిపి అమ్మిన అక్కడి ఫార్మసీలపై దాంతో తగవు ముదిరింది. మందు కలిపే చోటుకు విడిగా నాణ్యతా గుర్తింపు ఉండాలా, అది ఐచ్ఛికమా తప్పనిసరా అన్న పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. సీసాకు కాగితం పట్టీ అంటించి, మోతాదు గీతలు కత్తిరించి మిక్చరు ఇచ్చిన కంపౌండర్ల కాలం అందరికీ తెలిసిందే గనుక, కథను 2012 నుంచి చెప్పుకోవడమే మేలు.

ఆ ఏడాది సెప్టెంబరులో టెనెసీ రాష్ట్రంలో, నడుమునొప్పికి వెన్నులో స్టెరాయిడ్ సూది వేయించుకున్న రోగికి బూజు వల్ల మెదడుపొరల వాపు వచ్చినట్లు బయటపడింది. ఆరా తీస్తే మూలం మసాచుసెట్స్‌లోని న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ వద్ద తేలింది. అక్కడ కలిపిన మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే ఆ స్టెరాయిడ్ మందు మూడు బ్యాచ్‌లలో బూజు చేరింది. దాదాపు 14,000 మందికి ఆ మందు ఎక్కింది. 20 రాష్ట్రాల్లో 753 మంది జబ్బుపడగా 64 మంది చనిపోయారు. డాక్టరు ఒక్కో రోగికి రాసిన చీటీకి ఒక్కో మందు కలపాల్సిన ఫార్మసీ, కర్మాగారంలా వేల సీసాలు నింపి దేశమంతా పంపింది. చీటీల లెక్క సరిపెట్టడానికి సినీతారల పేర్లతో దొంగ చీటీలు రాసినట్లు తర్వాత కోర్టు విచారణలో బయటపడింది.

ఇంతకన్నా ముఖ్యమైనది 2006 నాటి సంగతి. ఆ డిసెంబరులోనే ఎఫ్‌డీఏ ఆ సంస్థకు హెచ్చరిక లేఖ రాసింది. సంస్థ దాన్ని కాదంది. ఫార్మసీపై అధికారం రాష్ట్ర బోర్డుదా, కేంద్ర సంస్థదా అన్నది తేలకుండానే ఆరేళ్లు గడిచాయి. కలిపే ఫార్మసీలకు గుర్తింపునిచ్చే పీసీఏబీ అనే బోర్డు 2012 నాటికే ఉంది గానీ, ఆ గుర్తింపు కోరుకున్నవారికి మాత్రమే. తనిఖీ అవసరం అందరికన్నా ఎక్కువున్నవాడు తనంతట తానుగా తనిఖీ కోరడు. ఈ వివాదానికి కీలకం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 2013 నవంబరులో వచ్చిన చట్టం చీటీకి కలిపేవారిని, పెద్దమొత్తంలో కలిపేవారిని రెండుగా విడదీసింది. అయితే పెద్ద కేంద్రంగా నమోదు కావడాన్ని కూడా ఐచ్ఛికంగానే వదిలేసింది.

మన దగ్గర చిక్కు చట్టం నిర్వచనంలోనే ఉంది. 1940 నాటి ఔషధ చట్టం, చిల్లర వ్యాపారంలో భాగంగా మందు కలపడాన్ని 'తయారీ' కిందికి రానివ్వలేదు. కర్మాగారాలకు వర్తించే తయారీ నాణ్యతా నియమాల పట్టిక షెడ్యూల్ ఎం ఇక్కడికి రాదు. మిగిలింది షెడ్యూల్ ఎన్. ఒక ఫార్మసిస్టుకు కనీసం 6 చదరపు మీటర్ల చోటు, తూచే తక్కెడ, కల్వం వంటి సామగ్రి ఉండాలని చెప్పే జాబితా అది. మందు కలిపే ఏర్పాటున్న చోటే 'ఫార్మసీ' అని రాసుకోవాలని, లేనివారు 'కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్' అని రాసుకోవాలని 1945 నిబంధనలు తేడా చూపాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎదుటి బోర్డులు చదువుతూ నడిస్తే ఆ తేడా ఎక్కడా కనపడదు.

కలపడమే అరుదైపోయిన రోజుల్లో కొత్త గుర్తింపంటే అదనపు ఖర్చు, మరో ఫైలు తప్ప ఒరిగేదేమీ లేదని దుకాణదారులు అంటారు. చిన్న పట్టణాల్లో ఆ బాధ నిజమే. ఫార్మసీ చదివినవారి మాట వేరు: కలపడం అరుదు కాలేదు, చోటు మారిందంతే. నెలలు నిండని శిశువుకు సిరలోకి ఎక్కించే పోషక ద్రావణం, క్యాన్సర్ వార్డులో రోగి బరువును బట్టి పలుచన చేసే కీమో మందు, చర్మవైద్యుని చీటీపై కలిపే సాలిసిలిక్ లేపనం, అన్నీ ఇప్పటికీ మనిషి చేతుల మీదుగానే తయారవుతున్నాయి. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ఆ పనిని నమోదైన ఫార్మసిస్టుకే అప్పగించింది. ఆసుపత్రులకు నాణ్యతా గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ బోర్డు ప్రమాణాల్లో మందుల నిర్వహణకు ఒక అధ్యాయమే ఉంది గానీ, అది గుర్తింపు కోరిన ఆసుపత్రి గోడల లోపలి మాట. అదే వీధిలో లేపనం కలిపిచ్చే కొట్టు దాని పరిధిలోకి రాదు.