సీలుకు దొరికిన నివాస పత్రం

2003 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా నగరంలో ఒక వార్డు కార్యాలయం ఒక సీలు జంతువుకు నివాస పత్రం రాసిచ్చింది. అంతకు ముందటి వేసవిలో దారి తప్పి తామా నదిలోకి వచ్చిపడి, టీవీల పుణ్యమా అని దేశమంతటికీ ముద్దుబిడ్డ అయిపోయిన సీలు అది. తామా-చాన్ అని పిలుచుకునేవారు. సరదాకి చేసిన పనే. కానీ అదే ఊళ్లో ఏళ్ల తరబడి కాపురముంటూ, పన్నులు కడుతూ, పిల్లల్ని బడికి పంపుతున్న విదేశీయులకు ఆ పత్రంలో చోటు లేదు. వాళ్ల పేర్లు విదేశీయుల రిజిస్టర్లో విడిగా ఉండేవి. జపాన్ పౌరుణ్ణి పెళ్లాడి ఒకే ఇంట్లో ఉంటున్నా, కుటుంబ సభ్యుల వరసలో విదేశీ భార్య పేరు మామూలుగా కనిపించేది కాదు. కాగితం చూసినవాళ్లకి ఆ ఇంటాయన ఒంటరివాడు. దాంతో కొందరు విదేశీయులు ముఖాన మీసాలు గీసుకుని, సీలు వేషాలు కట్టి వీధిలోకి వచ్చి, మాకూ ఇవ్వమని అడిగారు. 2012 జూలైలో గానీ వాళ్ల పేర్లు జపాన్ పౌరులున్న నివాసుల రిజిస్టర్లోకి ఎక్కలేదు.

పరాయి దేశంలో స్థిరపడేవాళ్లు నివాస పత్రం కోసం ఎందుకంత పాకులాడతారో ఈ సీలు కథలోనే ఉంది. దేశంలో అడుగు పెట్టనిచ్చేది వీసా. ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, జీతం పడే బ్యాంకు ఖాతా తెరవాలన్నా, డ్రైవింగ్ లైసెన్సు, ఆరోగ్య బీమా కావాలన్నా, భార్యాబిడ్డల్ని రప్పించుకోవాలన్నా, సెలవుకి సొంతూరు వెళ్లి మళ్లీ వెనక్కి రావాలన్నా అడిగేది ఆ తర్వాత చేతికొచ్చే నివాస కార్డు. ఇన్ని తలుపులు తీసే తాళంచెవిని విదేశీయుల సౌకర్యం కోసమే ఎవరో ఆలోచించి చేశారనిపిస్తుంది. అదేం కాదు. ఇది పోలీసుల కోసం పుట్టింది. సౌకర్యాలు తర్వాతెప్పుడో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి, అవీ చాలాసార్లు ఎవరో ఒకరు కొట్లాడితేనే.

ఫ్రెంచి విప్లవం నుంచి పారిపోయి వచ్చేవాళ్లలో గూఢచారులు కూడా ఉంటారన్న భయంతో బ్రిటన్ 1793లో విదేశీయుల చట్టం చేసింది. ఓడ దిగినవాడు రేవులోని కస్టమ్స్ అధికారి దగ్గర తన వివరాలు నమోదు చేయించుకోవాలి. వందేళ్లకు ఫ్రాన్స్ వంతు వచ్చింది. 1893 ఆగస్టు 8 నాటి చట్టం ప్రకారం అక్కడ పని చేసుకుని బతికే విదేశీయుడు ఊరి మేయర్ కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. విదేశీయుల నివాసంతో పాటు 'జాతీయ శ్రమ రక్షణ' అన్న మాట కూడా ఆ చట్టం పేరులోనే ఉంది. మన కూలీ చౌకగా పరాయివాడు ఎగరేసుకుపోతున్నాడన్న కోపం అప్పటికే ఎంత ముదిరిందంటే, చట్టం వచ్చి పది రోజులు తిరక్కముందే దక్షిణ ఫ్రాన్స్‌లో ఎగ్-మోర్త్ ఉప్పుమళ్ల దగ్గర ఇటలీ కూలీల మీద మూకలు పడి కనీసం 8 మందిని చంపేశాయి.

అసలు బిగింపు మొదటి ప్రపంచ యుద్ధంతో వచ్చింది. 1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. విదేశీయుల కదలికల్ని పోలీసుల చేతిలో పెట్టే చట్టం 5వ తేదీన ఒక్కరోజులోనే పార్లమెంటులో గట్టెక్కింది. 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ 15 ఏళ్లు దాటిన విదేశీయులకు గుర్తింపు కార్డు తప్పనిసరి చేసింది. యుద్ధం ముగిశాక ఇవన్నీ పోతాయనుకున్నారు. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో జరిపిన పాస్‌పోర్టుల సమావేశం కూడా ఎప్పటికైనా పాత రోజులు తిరిగొస్తాయనే ఆశపడింది. చుట్టపుచూపుగా వచ్చిన నియమం ఇంట్లోనే తిష్ఠ వేసింది. బ్రిటన్‌లో కొన్ని దేశాలవాళ్లు పోలీసుల దగ్గరికి వెళ్లి పేరు నమోదు చేయించుకునే పద్ధతి 2022 ఆగస్టు దాకా నడిచింది.

కాగితం లేనివాడి గతి ఏమిటో లోకానికి తెలిసొచ్చింది కూడా ఆ కాలంలోనే. 1921 చివర సోవియట్ ప్రభుత్వం దేశం వదిలి వెళ్లినవాళ్ల పౌరసత్వం రద్దు చేయడంతో లక్షలమంది ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. వాళ్లకోసం 1922లో నానాజాతి సమితి శరణార్థుల కమిషనర్ ఫ్రిట్యాఫ్ నాన్సెన్ చొరవతో ఒక గుర్తింపు పత్రం వచ్చింది. సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ వంటివాళ్లు కూడా ఆ నాన్సెన్ పాస్‌పోర్టు మీదే బతుకీడ్చారు. ప్రయాణానికి పనికొచ్చేదే గానీ ఎక్కడా ఉండిపోయే హక్కునిచ్చేది కాదు. మొదట్లో, ఇచ్చిన దేశానికి తిరిగి వస్తే రానిస్తారన్న భరోసా కూడా లేదు.

అందరి నోళ్లలో నానే గ్రీన్ కార్డు కథ ఇంకా విచిత్రం. 1940లో అమెరికా, దేశంలో ఉన్న 14 ఏళ్లు దాటిన విదేశీయులంతా పోస్టాఫీసుకు వెళ్లి వేలిముద్రలు వేసి నమోదు కావాలంది. దాదాపు 50 లక్షలమంది వెళ్లారు. వాళ్లకి ఏఆర్-3 అనే రసీదు ఇంటికి వచ్చింది. అది రసీదు మాత్రమే, ఉండే హక్కు ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు. యుద్ధం తర్వాత నమోదు పోస్టాఫీసుల నుంచి రేవులకు మారింది. హోదానుబట్టి వేర్వేరు పత్రాలు ఇవ్వడం మొదలైంది. శాశ్వత నివాసులకు వచ్చినది ఐ-151, ఆకుపచ్చ రంగుది. 1950 నాటి భద్రతా చట్టం తర్వాత పాత రసీదుల స్థానంలో కూడా, చట్టబద్ధంగా వచ్చామని చూపించగలిగినవాళ్లకి, ఈ కార్డే ఇచ్చారు. అప్పట్నించి దానికి విలువ పెరిగింది. ఉద్యోగమిచ్చేవాడు ఇంకేమీ అడగనక్కర్లేదు, రంగు చూస్తే చాలు. 1964లో కార్డు లేత నీలమైంది, ఆ తర్వాత ఇంకేవేవో రంగులు పోయి 2010లో మళ్లీ పచ్చబడింది. జనం మాత్రం మధ్యలో ఒక్కరోజు కూడా పేరు మార్చలేదు.

ఇంత విలువైన కార్డుకీ పోలీసు వాసన వదల్లేదు. 18 ఏళ్లు దాటిన శాశ్వత నివాసి దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి, లేకపోతే నేరం. ఇల్లు మారితే 10 రోజుల్లో తెలపాలి. 1940 నాటి చట్టం ఇప్పటికీ ఆ కార్డు వెనకాలే నడుస్తోంది.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఫ్రాన్స్‌లో జరిగింది. 1983 అక్టోబరు 15న వలస కుటుంబాల పిల్లలు కొద్దిమంది జాత్యహంకార దాడులకు నిరసనగా మార్సెయ్ నుంచి కాలినడకన బయల్దేరారు. డిసెంబరు 3న పారిస్ చేరేసరికి వెంట దాదాపు లక్షమంది ఉన్నారు. అధ్యక్షుడు మిత్తెరాఁ వాళ్ల ప్రతినిధుల్ని పిలిపించుకుని, పదేళ్ల నివాస కార్డు ఇస్తామని మాటిచ్చాడు. 1984 జూలై 17న చట్టమైంది, జాతీయ సభలో ఎవరూ కాదనలేదు. అంతకుముందు ఉండటానికో కార్డు, పనికో కార్డు. కొత్తదానితో ఉండొచ్చు, నచ్చిన పని చేసుకోవచ్చు, గడువు తీరితే దానంతటదే పొడిగించేవారు.

పదేళ్లా, ఏడాదా అన్నది కార్డు మీద రాసిన అంకె మాత్రమే కాదు. ఏడాది కార్డున్నవాడు పది నెలలు గడిచేసరికి మళ్లీ ఫైలు పట్టుకుని తిరగాలి. ఇంటి యజమాని మూడేళ్ల ఒప్పందానికి జంకుతాడు. ఇరవై ఏళ్ల గృహరుణం ఇవ్వాల్సిన బ్యాంకు, వచ్చే ఏడాది ఈ మనిషి ఇక్కడుంటాడా అని చూస్తుంది. అన్నిటికీ మించి, ఉద్యోగం పోతే కార్డు పోతుందన్నప్పుడు జీతం తగ్గించినా నోరెత్తలేడు. గల్ఫ్ దేశాల కఫాలా పద్ధతిలో కనిపించేది దీని నిలువెత్తు రూపం. అక్కడ నివాసం స్పాన్సర్ చేతిలో ఉంటుంది. ఖతార్‌లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు 2020లో గానీ రాలేదు. పదేళ్ల కార్డుతో మొట్టమొదట వచ్చే లాభం, యజమానికి ఎదురుచెప్పగలగడం.

ఇంతకీ హక్కు ముందా, కాగితం ముందా? 1976లో రోయే కేసులో యూరోపియన్ న్యాయస్థానం దీనికి సూటిగా బదులిచ్చింది: సభ్యదేశాల పౌరుడికి మరో సభ్యదేశంలో ఉండే హక్కు ఆ దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందం నుంచే వస్తుంది, నివాస పత్రం ఆ హక్కుని చూపిస్తుందే తప్ప పుట్టించదు. 2004 నాటి యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఆదేశం ఇంకో అడుగు ముందుకేసి, ఆ పత్రం ఉంటేనే హక్కు ఇస్తామని ఎవరికీ షరతు పెట్టకూడదంది. చదవడానికి బాగానే ఉంటుంది. బ్యాంకు కౌంటర్ దగ్గర ఈ తీర్పు వినిపించి ఖాతా తెరిపించుకోవడం అంత సులువు కాదు.

బ్రిటన్‌లో ఈ ప్రశ్న కొంపలే ముంచింది. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్రష్ అనే ఓడ కరీబియన్ దీవుల నుంచి పనివాళ్లను టిల్బరీ రేవుకు తెచ్చింది. వాళ్లూ, 1962లో ఆంక్షలు వచ్చేలోపు వచ్చినవాళ్లూ సామ్రాజ్య పౌరులే కాబట్టి ఎవరూ కాగితాలు అడగలేదు. తల్లిదండ్రుల పాస్‌పోర్టు మీద వచ్చిన పసిపిల్లలూ వాళ్లలో ఉన్నారు. 1973 జనవరి 1 నుంచి అమలైన వలస చట్టం, అప్పటికే స్థిరపడినవాళ్లకు కలకాలం ఉండే హక్కిచ్చింది. అయితే ప్రభుత్వం ఎవరికీ పత్రమివ్వలేదు, ఎవరెవరికి హక్కుందో జాబితా కూడా రాసుకోలేదు. నలభై ఏళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. 2014, 2016 చట్టాలు ఇంటి యజమానుల్నీ బ్యాంకుల్నీ వలస తనిఖీదార్లుగా మార్చేశాయి. యాభై ఏళ్లు పన్ను కట్టినవాళ్లని, ఏటేటి రుజువు తెమ్మన్నారు. వాళ్లు వచ్చిన తేదీ చూపగలిగే ఓడరేవు చీటీలను ఆ రుజువులు అడిగిన హోం శాఖే 2010లో ధ్వంసం చేసింది. ఉద్యోగాలూ ఇళ్లూ పోయాయి, కొందరికి క్యాన్సర్ చికిత్స ఆగింది. కనీసం 83 మందిని అన్యాయంగా దేశం నుంచి పంపించేశారని తర్వాత లెక్క తేలింది. 2018 ఏప్రిల్‌లో హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు.

ఈయూలోని చాలా దేశాల్లో ఐదేళ్లు చట్టబద్ధంగా, నిలకడైన ఆదాయంతో ఉన్న బయటి దేశాలవాళ్లు దీర్ఘకాల నివాస హోదా అడగవచ్చు. 2003 నాటి ఆదేశం ఆ వీలు కల్పించింది. పని, చదువు, సామాజిక భద్రతల్లో స్థానికులతో దాదాపు సమానమవుతారు. మామూలు నివాస కార్డున్నా తమలో తాము సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు వీసా లేకుండా తిరగవచ్చు. అయితే దీర్ఘకాల హోదా ఒకసారి వస్తే పోదనుకోవడం పొరపాటు: వరసగా 12 నెలలు ఈయూ బయట గడిపితే పోవచ్చు. పేరు చూసి మోసపోయేదీ ఒకటుంది. ఎస్టోనియా 2014 నుంచి ఇస్తున్న ఈ-రెసిడెన్సీతో ఆన్‌లైన్లో కంపెనీ పెట్టుకోవచ్చు గానీ, ఆ దేశంలో ఉండనివ్వరు. పెట్టుబడికి బదులిచ్చే గోల్డెన్ వీసాలదీ నిలకడ లేని వ్యవహారమే. 2023లో పోర్చుగల్ ఇళ్ల కొనుగోలుని ఆ పథకం నుంచి తీసేసింది, 2025 ఏప్రిల్‌లో స్పెయిన్ మొత్తంగా ఎత్తేసింది.

ఇప్పుడు కాగితమే మాయమవుతోంది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌లో ఉండిపోయిన ఈయూ పౌరులకు ఇచ్చిన హోదాకి కార్డు లేదు, ఆన్‌లైన్ ఖాతా మాత్రమే. మిగతా విదేశీయుల బయోమెట్రిక్ కార్డుల మీద కూడా ఎక్కువగా ఉన్న ఆఖరి తేదీ 2024 డిసెంబరు 31. వాటి స్థానంలో ఈ-వీసా వచ్చింది. ఇల్లు అద్దెకు కావాలంటే ప్రభుత్వ వెబ్‌సైట్లో లాగిన్ అయి ఒక షేర్ కోడ్ తీసి ఇంటి యజమానికివ్వాలి, ఆయన దాన్ని మరో పేజీలో నమోదు చేసి చూసుకోవాలి. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించినప్పుడు కొత్త నంబరు ఆ ఖాతాలో ఎక్కించడం మరిచిపోతే విమానం ఎక్కేచోట చిక్కొస్తుంది. కాగితమే ఉంటే బీరువాలో దాచుకోవచ్చు. అందుకే చాలామంది గడువు తీరిన పాత కార్డుని కూడా పారేయకుండా ఉంచుకుంటున్నారు.