గుర్రపుడెక్క కాడలో గాలి

"మా ఊరి చెరువులో గుర్రపుడెక్క ఎన్నిసార్లు తీయించినా మళ్ళీ కమ్మేస్తోంది, మందు కొడితే పోతుందా?" అని ఒకరు అడిగారు. మందు సంగతి తర్వాత, ముందు ఒక మొక్క పీకి దాని ఉబ్బిన కాడను బ్లేడుతో అడ్డంగా కోయండి. లోపలంతా తేనెపట్టులా గదులే, గదినిండా గాలి. నీళ్ళలో ముంచి పిండితే బుడగలు బుసబుసా పైకొస్తాయి. బడిలో దీన్ని నీటి మొక్కల పాఠంలో ఒక్క వాక్యంతో దాటేస్తారు గానీ, ఒక్క మొక్క తెచ్చి కోసి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు!

ఈ మొక్క బలమంతా ఆ గాలే. తేలుతుంది కాబట్టి వేళ్ళూనడానికి మట్టి అక్కర్లేదు, పక్కకి సాగిన తీగ చివర పిల్ల మొక్క పుడుతుంది, తెగి కొట్టుకుపోతుంది. ఎండ బాగా ఉండి, మురుగులోంచి నత్రజని, భాస్వరం అందితే రెండు వారాల్లోపే రెట్టింపవుతుంది, అంటే సగం చెరువు నిండిందని మనం కంగారు పడే రోజుకి మిగతా సగానికి ఉన్న గడువు ఆ రెండు వారాలే.

ఆ గాలిని దోమలూ వాడుకుంటాయి. మాన్సోనియా దోమ పిల్లలు ఊపిరికి పైకి రావు, తోక దగ్గరి గొట్టాన్ని వేళ్ళలోకి గుచ్చి అక్కడి గాలే పీలుస్తాయి. అందుకే నీటిమీద నూనె చల్లినా వాటికి ఏమీ కాదు. ఒక రకం బోదకాలును మోసేవి ఈ దోమలే.

పువ్వు బాగుందని దక్షిణ అమెరికా నుంచి మొక్కని తెచ్చారు, దాన్ని తినే పురుగును మాత్రం అక్కడే వదిలేశారు. ఆ నియోకెటినా ముక్కుపురుగును 1980లలో బెంగళూరుకు తెప్పించి, మన పంటల జోలికి వెళ్ళదని తేల్చుకున్నాకే చెరువుల్లో వదిలారు. అర సెంటీమీటరు పురుగు. పెద్దవి రాత్రిళ్ళు ఆకుని గీకి తింటాయి, అసలు పని పిల్ల పురుగులది: కాడలోకి తొలుచుకుంటూ మొదలుదాకా పోతాయి, ఆ సొరంగాల్లోకి నీళ్ళు, కుళ్ళు చేరి గాలి గదులు పాడై మొక్క మెల్లగా మునిగిపోతుంది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1995 నుంచి వీటిని వదిలితే కొన్నేళ్ళలోనే గుర్రపుడెక్క బాగా తగ్గిపోయింది, ఎల్‌నినో వాతావరణం కూడా తోడైంది లెండి.

మందు కొడితే చచ్చిన మొక్కలన్నీ ఒకేసారి కుళ్ళి నీటిలో ఆక్సిజన్ లాగేస్తాయి, చేపలు తేలతాయి, పైగా తిండిలేక ముక్కుపురుగులూ పోతాయి. విత్తనాలేమో బురదలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. మురుగు కాలువ చెరువులోకి కలుస్తున్నంతకాలం మొక్క పురుగు కన్నా వేగంగా పెరుగుతుంది కాబట్టి ముందు ఆ కాలువను మళ్ళించమని పంచాయతీని అడగండి. ఈసారి తీయించేటప్పుడు ఆకులు తిప్పి చూడండి, గోటితో గీకినట్టు చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు కనిపిస్తే ముక్కుపురుగు అక్కడ ఉన్నట్టే, ఆ మూలనున్న మొక్కల్ని మాత్రం పీకించకండి.